తెలుగుకు దగ్గరి చుట్టం ఎవరు?

ఉండి, రండ్, ముండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్, ఏరుంగ్. గోండీ భాషలో ఒకటి నుంచి ఏడు దాకా లెక్క ఇది. ఊరూరికీ పలుకు కాస్త మారుతుంది గానీ వరస ఇదే. పైకి ఒకసారి చదివితే చాలు, రండ్‌లో రెండు, ముండ్‌లో మూడు, నాలుంగ్‌లో నాలుగు ఏ తెలుగువాళ్లకైనా వినపడతాయి. ఇంకోసారి నెమ్మదిగా చదివితే సారుంగ్‌లో ఆరు, ఏరుంగ్‌లో ఏడు కూడా బయటపడతాయి. ఈ అంకెలను గోండులు తెలుగువాళ్ల దగ్గర అప్పు తెచ్చుకోలేదు, తెలుగువాళ్లు వాళ్ల దగ్గర తీసుకోనూ లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లకు పుట్టింటి నుంచి వచ్చిన సొమ్ము ఇది.

మన తెలుగువాళ్లకు బాగా దగ్గరివాళ్లు ఎవరని హైదరాబాద్‌లో అడిగినా, విజయవాడలో అడిగినా, అమెరికాలో స్థిరపడినవాళ్లను అడిగినా మొదట వచ్చే పేరు కన్నడిగులది. అక్షరాలు ఒకేలా ఉంటాయి, ఉగాది ఒకే రోజు, బెంగళూరులో రెండు నెలలు ఉంటే భాష సగం పట్టుబడుతుంది. ఆ తర్వాత తమిళులు. ఉత్తరాంధ్రవాళ్లు ఒడియావాళ్ల పేరు చెబుతారు, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు వాళ్లు మరాఠీవాళ్ల పేరు చెబుతారు. గోండుల పేరు గానీ, గోదావరి ఒడ్డు కోయల పేరు గానీ, అరకు కొండల్లో ‘కొండ’ అనే పేరున్న భాష మాట్లాడేవాళ్ల పేరు గానీ ఈ వరసలో దాదాపు ఎప్పుడూ రాదు.

భాషాశాస్త్రం చెప్పే వంశవృక్షం వేరేలా ఉంది. ద్రావిడ భాషల్లో తమిళం, మలయాళం, కన్నడం, తుళు, కొడగు ఒక కొమ్మ. తెలుగు ఆ కొమ్మ మీద లేదు. గోండీ, కొండ, కూయి, కువి, పెంగో, మండ భాషలతో కలిసి పక్క కొమ్మ మీద ఉంది. కోయ భాషను గోండీకి ఒక రూపంగా చూస్తారు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ఈ విభజనను గట్టి ఆధారాలతో నిలబెట్టారు. ఆయన గ్రంథాలయాల్లో కూర్చుని ఊరుకోలేదు, కొండ భాష మాట్లాడేవాళ్ల మధ్యకు వెళ్లి ఆ భాషకు వ్యాకరణం రాశారు. వరసల్లో చెప్పాలంటే గోండీ, కొండ, కువి తెలుగుకు తోడబుట్టినవి. కన్నడం, తమిళం పెదనాన్న పిల్లలు. అన్ని కొమ్మలకూ మూలం ఒకటే అయినా దగ్గర ఎవరు, దూరం ఎవరు అన్నది తేలిపోయిన విషయమే.

మనసుకు తట్టే చుట్టరికం ఒకచోట, పుట్టుకతో వచ్చిన చుట్టరికం ఇంకోచోట ఎందుకున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే, ఒక జాతి ఇంకో జాతిని ‘మనవాళ్లు’ అనుకోవడం ఎలా మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది.

ముందు ఆ పుట్టుక సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. తమిళంలో ‘అవన్’, కన్నడంలో ‘అవను’. అదే మాట తెలుగులో ‘వాడు’. ముందున్న అచ్చు జారిపోయి హల్లు ముందుకొచ్చింది. కొండ భాషలో ఇదే మాట ‘వాన్ఱు’. తమిళుల ‘ఉరల్’, కన్నడిగుల ‘ఒరళు’ మనకు ‘రోలు’. తమిళంలో ‘ఉళ్’ అంటే లోపల, మనకు ‘లో’. మాట మొదట్లోని అచ్చును ఇలా పక్కకు జరపడం తెలుగుకూ, కొండ లాంటి ఈ తోడబుట్టిన భాషలకూ కలిసి వచ్చిన అలవాటు. తమిళ, కన్నడాలకు ఇది లేదు. ఒక ఇంట్లోవాళ్లంతా ఒకేలా నడుస్తారే, అలాంటిది.

ఇంకో గుర్తు ఉంది. ఇంట్లో చిన్నపిల్ల గురించి ‘అది నిద్రపోయింది’ అంటాం. ఆవు గురించీ ‘అది’ అనే అంటాం, కుర్చీ గురించీ అంతే. ఆడమనిషికీ, జంతువుకూ, వస్తువుకూ ఏకవచనంలో తెలుగు క్రియ ఒకటే: వచ్చింది, పోయింది, పడింది. తమిళంలో ఆమెకు ‘అవళ్’, కన్నడంలో ‘అవళు’ అని వేరే మాట ఉంది, క్రియ కూడా వేరే. గోండీలో లేదు. ఆమె అయినా, అది అయినా ‘అద్’. తెలుగుకు కొత్తగా వచ్చిన తమిళులు, కన్నడిగులు తడబడే చోట గోండు పిల్లవాడు తడబడడు. తెలుగు వ్యాకరణంలో అందరికీ వింతగా కనిపించే ఈ ముక్క అతనికి ఇంట్లో మాటే.

గోండీలో చేతిని ‘కై’ అంటారు, కాలిని ‘కాల్’ అంటారు, కంటిని ‘కన్’ అంటారు. మనం పారే నీటిని ఏరు అంటే, వాళ్లు తాగే నీటిని ‘ఏర్’ అంటారు. ఇలాంటి మాటలు పేజీలకు పేజీలు రాసుకుంటూ పోవచ్చు. అయినా ఉట్నూరు బస్సులో ఇద్దరు గోండు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే పక్క సీట్లోని తెలుగు మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. వేల ఏళ్ల కింద విడిపోయిన భాషలు అవి. పోలిక తెలియాలంటే ఆగి వినాలి. కన్నడం దగ్గర అలా ఆగాల్సిన అవసరం రాలేదు. అసలు తేడా మొదలైంది ఇక్కడే.

కన్నడంతో ఉన్నది పెరిగిన చుట్టరికం. దాన్ని తక్కువ చేయడానికేమీ లేదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. ఆ గుట్ట బండ మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు అనే జైనుడు ఒక శాసనం చెక్కించాడు. అందులో సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, తెలుగులో మూడు కంద పద్యాలు ఉన్నాయి. నన్నయ కంటే దాదాపు వందేళ్లు ముందటి కందాలు అవి. జినవల్లభుడి అన్న ఎవరో కాదు, కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపడు. పంపడిని పోషించిన అరికేసరి వేములవాడ చాళుక్యుడు. అంటే కన్నడ ఆదికవి నేటి తెలంగాణలో ఒక కొలువులో కూర్చుని కావ్యం రాస్తే, ఆయన తమ్ముడు అక్కడికి దగ్గర్లోనే బండ మీద తెలుగు పద్యం చెక్కించాడు. ఆ ఇంట్లో ఏది ఎవరి భాష అని అడిగేవాళ్లు ఉండి ఉండరు.

ఆ రోజుల్లో రెండు భాషలకూ లిపి ఒకటే. దాన్ని ఇప్పుడు తెలుగు-కన్నడ లిపి అని పిలుస్తున్నాం. అది నెమ్మదిగా రెండుగా చీలి, అచ్చు యంత్రాలు వచ్చాక ఇప్పుడు మనం చూసే రెండు రూపాల్లో స్థిరపడింది. తలకట్టు దగ్గర వంపు మారింది తప్ప క, గ, ద, న ఇప్పటికీ పోల్చుకోగలం. శ్రీనాథుడు తన కవిత్వాన్ని సంస్కృతం అనేవాళ్లు సంస్కృతం అనుకోనీ, తెలుగు అనేవాళ్లు తెలుగు అనుకోనీ, నిజానికి అది కర్ణాట భాష అని చెప్పుకున్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఎలా చూసినా, ఒక తెలుగు కవి ఆ పేరును గర్వంగా చెప్పుకున్నాడన్నది మిగులుతుంది. విజయనగర రాజుల కొలువు, కోలారు, బళ్లారి, రాయదుర్గం, మడకశిర వైపు రెండు భాషలూ మాట్లాడే ఊళ్లు, ఇచ్చిపుచ్చుకునే సంబంధాలు కలిసి వెయ్యేళ్లలో ఈ దగ్గరితనాన్ని పోగుచేశాయి.

తమిళులతోనూ ఇంతే, కాకపోతే అక్కడ పాట ఎక్కువ. కావేరి ఒడ్డున తిరువైయారులో త్యాగరాజు తెలుగులో పాడాడు. ఆయన కీర్తనల్ని తరతరాలుగా కాపాడుకొస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లే. తెలుగు రాని గొంతు ఆ అక్షరాలను అంత భక్తిగా పలుకుతుంటే విన్న ఏ తెలుగువాళ్లకైనా ఆ గొంతు పరాయిది అనిపించదు. 1952, 53లో మద్రాసు నగరం కోసం జరిగిన గొడవ చేదు మిగిల్చింది, నిజమే. ఆ చేదు పోయింది, పాట ఉంది.

మరి గోండులతో ఈ వెయ్యేళ్లూ ఏం జరిగింది?

గోండులకు రాజ్యాలు లేవనుకుంటే పొరపాటు. గఢా-మండ్లా, దేవగఢ్, చాందా పెద్ద రాజ్యాలే. చాందా రాజుల ఏలుబడి 1751లో మరాఠాల చేతుల్లోకి పోయేవరకు ఇప్పటి ఆదిలాబాద్ ప్రాంతంలో కొంత భాగం వాళ్ల కిందే ఉండేది. కానీ ఆ కొలువులు తెలుగు కవులను పోషించలేదు, తెలుగు కొలువులు గోండీ పాటగాళ్లను పిలవలేదు. గోండుల చరిత్ర వాళ్ల కథలు పాడే పర్ధానుల నోట, తోటీల నోట, కిక్రీ అనే వాయిద్యం తంతుల మీద నిలిచింది. రాత ఉన్నదాన్నే చరిత్రగా చూసే కళ్లకు అది కనిపించలేదు.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి మైదానం మనిషి గోండుల గుమ్మం ముందుకు వచ్చాడు. పట్వారీగా, షావుకారుగా, అటవీ శాఖ చౌకీదారుగా, పట్టా కాగితం పట్టుకున్న కొత్త రైతుగా వచ్చాడు. అతను మాట్లాడింది కొన్నిచోట్ల మరాఠీ, కొన్నిచోట్ల ఉర్దూ, చాలాచోట్ల తెలుగు. అడవి రిజర్వు అయింది, పోడు నేరం అయింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన తోటివాళ్లు నిజాం పోలీసుల తూటాలకు పడిపోయారు. స్వతంత్రం వచ్చాక చట్టాలు వచ్చాయి. 1959లో ఏజెన్సీ భూముల బదిలీ మీద నియంత్రణ చట్టం వచ్చింది, దానికి 1970లో చేసిన సవరణను ఏజెన్సీ ఊళ్లలో ఇప్పటికీ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే పిలుస్తారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని దాని ఉద్దేశం. అయినా 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకోబోయిన గోండుల మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వం లెక్కలో 13 మంది చనిపోయారు, జనం లెక్కలో అంతకు ఎన్నో రెట్లు.

అందుకే ఈ చుట్టరికాన్ని కేవలం మరచిపోయారని చెప్పి ఊరుకోలేం. అక్క భూమి చెల్లెలు తీసుకున్న ఇంట్లో, చుట్టరికం గుర్తుచేసుకోవడం తీసుకున్నవాళ్లకు ఇబ్బంది. తెలుగులో ‘కోయదొర’ అన్న మాట వినగానే చాలామందికి గుర్తొచ్చేది వీధిలో జాతకం చెప్పే మనిషి. కోయలు తమను ‘కోయి’ అనీ, గోండులు తమను ‘కోయితోర్’ అనీ పిలుచుకుంటారని, ఆ రెండు పేర్లూ ఒకటేనని ఎంతమందికి తెలుసు? కన్నడిగుడి పేరు మనం అతను చెప్పుకున్నట్టే పలుకుతాం. వీళ్ల పేరు మాత్రం మనమే పెట్టాం.

ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. ‘ద్రావిడ కుటుంబం’ అన్న ఆలోచనకు మొదటి అచ్చు రుజువు తెలుగును చూపించే వచ్చింది. 1816లో మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఒక నోటు రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదు, వాటిది వేరే కుటుంబం అని ధాతువులను పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ పనిలో అతనికి ఆధారం ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ తెలుగు పండితుడు పట్టాభిరామశాస్త్రి చేసిన ధాతువుల పట్టికలు. నలభై ఏళ్ల తర్వాత, 1856లో, కాల్డ్‌వెల్ వచ్చి దానికి పేరు పెట్టి విస్తరించాడు. ఆ తర్వాత అదే ఆలోచన తమిళనాట రాజకీయ ఉద్వేగంగా మారి, పార్టీల పేర్లలోకి ఎక్కి, ఇప్పటికీ ఓట్లు తెస్తోంది. తెలుగునాట దానికి అంత వేడి పుట్టలేదు. రుజువు ఇక్కడిది, ఉద్వేగం అక్కడిది. ఒకే కుటుంబం అని పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన మనసులో ఏమీ కదలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. బలూచిస్తాన్‌లో బ్రాహుయీ మాట్లాడేవాళ్లు కూడా ఈ కుటుంబమే. ‘అసిట్, ఇరట్, ముసిట్’ అని మూడు దాకా సొంత లెక్క, నాలుగు నుంచి అరువు లెక్క. తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ ఆశ్చర్యం మర్నాటికి పోతుంది. వాళ్లతో మనకు పంచుకున్న పండగ లేదు, పొలం గట్టు తగాదా కూడా లేదు.

మనసును కదిలించేది రోజువారీ బతుకులో కనిపించే పోలిక. అన్నిటికంటే గట్టిది పిలుపు. తెలుగులో మామ అంటే అమ్మ తమ్ముడూ అవుతాడు, పిల్లనిచ్చినవాడూ అవుతాడు. అత్త అంటే నాన్న చెల్లెలూ, భర్త తల్లీ. ఈ రెండు వరసలు కలిసిపోవడానికి కారణం మేనరికం. మేనమామ కూతురు మరదలు, మేనత్త కొడుకు బావ. హిందీ ప్రాంతం నుంచి వచ్చిన స్నేహితుడికి ఇది వివరించాలంటే అరగంట పడుతుంది, ఎందుకంటే అతనికి మామ కూతురు చెల్లెలు. కన్నడిగుడికి, తమిళుడికి వివరించాల్సిన పనే లేదు. చిన్నప్పుడు బావ పేరు చెప్పి ఏడిపించే పెద్దవాళ్లు అతని ఇంట్లోనూ ఉన్నారు. మరాఠీ వేరే కుటుంబం భాష అయినా మహారాష్ట్రలో చాలా కులాల్లో మేనమామ కూతురిని చేసుకోవడం ఉంది. అందుకే ఆదిలాబాద్ మనిషికి నాందేడ్ మనిషి ఇంట్లో కొత్త ఉండదు.

గోండుల్లోనూ మేనరికం ఉంది. మధ్య భారతంలో దాన్ని ‘దూధ్ లౌటావా’ అంటారు, అంటే పాలు తిరిగివ్వడం. ఒక ఇంటి ఆడపిల్ల ఇంకో ఇంటికి వెళ్లి అక్కడి బిడ్డలకు పాలిచ్చింది. తర్వాతి తరంలో ఆ ఇంటి ఆడపిల్ల ఈ ఇంటికి వస్తే ఆ పాలు తిరిగొచ్చినట్టు. మేనరికాల్లోని మంచిచెడ్డల గురించి డాక్టర్లు చెప్పేది వేరే విషయం, వినాల్సిన విషయమే. కానీ ఈ మాటలో ఉన్న లెక్క, ఇచ్చినింటిని మరచిపోకూడదన్న లెక్క, మేనమామ చీర పెట్టందే పెళ్లి మొదలుకాని తెలుగు ఇంటికి వివరించకుండానే అర్థమవుతుంది.

పోలిక కనిపించగానే రక్తసంబంధం అనేసుకోవడమూ ప్రమాదమే. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలోని రోచెస్టర్‌లో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే లాయర్ అక్కడి సెనెకా ఆదివాసుల చుట్టరికపు పిలుపులను పట్టికలుగా రాశాడు. వాళ్లు తండ్రి అన్నదమ్ములను తండ్రి అనే, తల్లి అక్కచెల్లెళ్లను తల్లి అనే పిలుస్తారు. దక్షిణ భారతంలోని మిషనరీలకు ఉత్తరాలు రాస్తే తమిళ, తెలుగు పిలుపుల పట్టికలు తిరిగొచ్చాయి. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ. రెండు పట్టికలూ అంతగా కలిసిపోయేసరికి, అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే సాక్ష్యం అని 1871లో అచ్చయిన తన గ్రంథంలో వాదించాడు. ఆ తర్కం నిలబడలేదు. మనుషులు ఎక్కడికక్కడ తమ ఇళ్లను సర్దుకునే పద్ధతులు కొన్నే ఉంటాయి, సంబంధం లేని చోట్ల కూడా అవే మళ్లీ పుడతాయి. పైగా సెనెకాల్లో మేనమామ పిల్లనిచ్చిన మామ కాడు. అయితే మోర్గన్ పొరపాటు వల్ల ఒక మేలు జరిగింది. సముద్రం అవతల ఒక జాతి తన చిన్నాన్నను మనలాగే నాన్న అంటుందని తెలిసింది. చుట్టరికం కాకపోయినా, ఆ పిలుపు విన్న తర్వాత వాళ్లు పూర్తిగా పరాయివాళ్లుగా ఉండరు.

ఇక దేవుళ్ల సంగతి. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెచ్చేది కోయ పూజారులు. కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చేదీ వాళ్లే. నిలువెత్తు బంగారం అంటే బెల్లం తూచి మొక్కు చెల్లించే జనంలో ఎక్కువమంది కోయలు కారు, తెలుగు పల్లెల నుంచి, పట్నాల నుంచి వచ్చిన అన్ని కులాలవాళ్లు. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యంతో పోరాడి పడిపోయిన తల్లీకూతుళ్ల కథ అది. కాకతీయుల తోరణాన్ని గుర్తుగా పెట్టుకున్న తెలుగువాళ్లే, ఆ కాకతీయుల మీద తిరగబడిన కోయ తల్లికి బెల్లం మోసుకెళ్తారు. ఇందులో వాళ్లకు తేడా ఏమీ కనిపించదు, కనిపించాల్సిన అవసరమూ లేదు. తల్లి తల్లే.

ఆ తల్లి కథను డోలు మీద కోయ భాషలోనూ తెలుగులోనూ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది గోండుల గుస్సాడీ నాట్యగురువు, మార్లవాయికి చెందిన కనకరాజుకు వచ్చింది. ఇద్దరూ 2024లో వెళ్లిపోయారు. ఆ గౌరవాలు నిజమైనవి. కానీ నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీలను మంత్రుల సభల్లో స్వాగతానికి నిలబెట్టడం వేరు, దీపావళి రోజుల్లో ఆ దండారి బృందం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వియ్యపువాళ్లలా వెళ్లి, మర్యాదలు అందుకుని, ఆడి, తిని వచ్చే అసలు పండగ వేరు. మొదటిది చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. రెండోదానికి పిలుపు కావాలి.

కెస్లాపూర్ నాగోబా జాతర దగ్గర ఒక చిన్న విషయం ఉంది. పుష్య అమావాస్యకు గోండుల్లోని మెస్రం వంశంవాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు ఝరి అనే పాత్రలో పట్టుకుని చెప్పుల్లేకుండా రోజుల తరబడి నడిచి వస్తారు. వచ్చి గుడి దగ్గర మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఆ ఏడాది వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను నాగోబాకు చూపించే ‘భేటింగ్’ జరుగుతుంది, అది అయ్యాకే ఆ కోడలు పూర్తిగా ఆ వంశం మనిషి. ఈ పూజకు కావలసిన కుండలను మెస్రంవాళ్లు తామే చేసుకోరు. సిరికొండలోని కుమ్మరి ఇంటికి వెళ్లి, మాట చెప్పి, చేయించుకుంటారు. తరతరాలుగా ఆ కుమ్మరి సారె మీదే. కుమ్మరి గోండు కాడు. అతను లేకుండా గోండుల పెద్ద పూజ జరగదు. తెలుగువాళ్లకూ గోండులకూ మధ్య షావుకారు ఒక్కడే లేడని, కుమ్మరి కూడా ఉన్నాడని చెప్పడానికి ఆ కుండలు సాక్ష్యం.

ఇలాంటి సాక్ష్యాలను చూసి ‘మనమంతా ఒకటే’ అనేయడం తేలిక. బలమైనవాళ్లు ఆ మాట అంటే మాత్రం అవతలివాళ్లకు భయం వేస్తుంది, వేయాలి కూడా. కోయ, కొండ భాషలను ‘ఏదో తెలుగు యాస’ అని కొట్టిపారేసిన టీచర్లు ఉన్నారు. చుట్టరికం పేరుతోనే ఆ మాట అన్నారు. దాంతో ఆరేళ్ల పిల్లకు తన ఇంటి మాట తప్పుగా పలికిన తెలుగులా కనిపించి, నోరు మూసుకుని, తర్వాత బడి మానేస్తుంది. కొండ భాష మాట్లాడాల్సిన ఇళ్లలో చాలా చోట్ల ఇప్పటికే తెలుగు మాత్రమే మిగిలింది. చెల్లెలు అక్కను అలా మింగేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో కోయ, కొండ, కువి, గోండీ, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల పుస్తకాలు తయారుచేయడం ఈ తప్పును దిద్దే మంచి ప్రయత్నం. పిల్ల ముందు తన మాటలో చదివి, దాని మీదుగా తెలుగులోకి నడుస్తుంది. ఆ పని ఇంకా ఎంతో పెరగాల్సింది.

గోండీకి ఇంకో కష్టం ఉంది. 2011 జనగణనలో గోండీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు గీసినప్పుడు ఆ గీతలు గోండుల మధ్య నుంచి పోయాయి. మధ్యప్రదేశ్‌లో వాళ్ల పిల్లలకు హిందీ, మహారాష్ట్రలో మరాఠీ, ఇక్కడ తెలుగు. తలా ఒక వైపు లాగడంతో ఏ రాష్ట్రమూ గోండీని తన భాష అనలేదు. 15 లక్షల మంది కూడా లేని బోడో భాష 2003 రాజ్యాంగ సవరణతో, రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది, అది చేరడం న్యాయమే. గోండీ ఇప్పటికీ బయటే ఉంది. భాషా రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ప్రాణం ఇచ్చిన జాతి మనది. పక్కనున్న తోబుట్టువుకు ఆ గీతల వల్లే ఇల్లు లేకుండా పోయిందన్న సంగతి తెలుగు చర్చల్లోకి రావాలి.

లిపి లేని భాష అన్న మాట కూడా ఇక చెల్లదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండీ రాతప్రతులు బయటపడ్డాయి. వాటి అక్షరాలు పక్కనున్న ఏ లిపికీ నకలు కాదు. ఊళ్లో కొద్దిమంది పెద్దలు మాత్రమే చదవగలిగిన ఆ లిపిని ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు వెలుగులోకి తెచ్చారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. దానికి ముందు ఏడాది, మంగళ్ సింగ్ మాసారాం 1918లో తయారుచేసిన ఇంకో గోండీ లిపి చేరింది. ఫోన్‌లో తెలుగు అక్షరాలు ఉన్నట్టే ఇప్పుడు గోండీ అక్షరాలకూ చోటు ఉంది.

వీళ్లను తమవాళ్లు అనుకున్నవారు లేకపోలేదు. కుమ్రం భీం చనిపోయాక గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం వియన్నాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి, గోండీ నేర్చుకుని, భూమి పట్టాలకూ బడులకూ పునాది వేశారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. ఆయన మాతృభాష జర్మన్.

మనలో అయితే గిడుగు రామమూర్తి ఉన్నారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, దాన్నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. సభల్లో వ్యావహారిక భాషా ఉద్యమం గురించి చెబుతారు. పర్లాకిమిడిలో ఆయన అంతకు ముందే మొదలుపెట్టిన పని గురించి చెప్పేది తక్కువ. దగ్గరి కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనుకుని, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చు వేశారు. రాతలేని మనుషుల నోట ఉన్న మాటకు కూడా పూర్తి వ్యాకరణం ఉంటుందని కొండల్లో తెలుసుకున్న మనిషి, పల్లె తెలుగును తప్పుల తెలుగు అంటే ఎలా ఒప్పుకుంటారు? తెలుగు బడిపుస్తకాల్లోకి మామూలు మనుషుల భాష రావడం వెనుక సవరల పాలు కొంత ఉందని అనిపిస్తుంది.

సవర ద్రావిడ భాష కాదు. ముండా కుటుంబం, తెలుగుకు పుట్టుకతో ఏ చుట్టరికమూ లేదు. అబొయ్, బాగు, యాగి, ఉంజి అని సాగుతుంది వాళ్ల లెక్క. అందులో తెలుగు చెవికి తెలిసిన మాట ఒక్కటీ లేదు. రామమూర్తి ఒకటి నుంచి నేర్చుకున్నారు.